శిక్ష రోజుకి దాచిన మాట

జడ్జిగారు "హత్యానేరం రుజువైంది" అన్నప్పుడు ఆ హాలులో ఏడవాల్సిన మనిషి ఒక్కతే. ఆమే ఏడవలేదు. బోనులో నిలబడ్డవాడు ఆమె తమ్ముడు. పాపం, దిమ్మతిరిగిపోయి ఉంటుందని చుట్టూ ఉన్నవాళ్ళు జాలిపడ్డారు, ఎవరో మంచినీళ్ళ సీసా కూడా అందించారు. దిమ్మా లేదు, తిరగడమూ లేదు. ఆమె చెవులు తర్వాత వచ్చే మాట కోసం నిక్కబొడుచుకుని ఉన్నాయి. "శిక్ష విషయం రేపు వింటాను," అన్నారు జడ్జిగారు, తీర్పు కాగితాల మీద సంతకం పెట్టి పక్కకి జరుపుతూ. ఆ మాట విన్నాకే కత్తెరక్క నీళ్ళు తాగింది.

రేపు వింటారట. వినడానికే ఒక రోజు పెట్టారట. ఇన్నేళ్ళూ ఆమె ఆ రోజు కోసమే నోరు కట్టుకుని కూర్చుంది.

ఆమెకి అసలు పేరు లేకపోలేదు గానీ వీధిలో దానితో ఎవరికీ పని పడలేదు. మెడలో టేపు, చేతిలో కత్తెర లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు కాబట్టి కత్తెరక్క అయిపోయింది. ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీ బల్ల, ఒక నిలువుటద్దం పట్టే గది ఆమె కొట్టు. దాని వెనక గది ఇల్లు. అమ్మా నాన్నా పోయాక తమ్ముణ్ణి ఆ మిషను పక్కనే కూర్చోబెట్టుకుని పెంచింది. గుమ్మం తలకి తగిలేంత ఎత్తు పెరిగినా వాడు వీధికి బుడ్డోడే. చదువు వంటపట్టలేదు, ఇనుము వంటపట్టింది. రెండు వీధుల అవతల వెల్డింగ్ షాపులో పనికి కుదిరాడు.

ఆ షాపు మేస్త్రి మంచి పనిమంతుడు. నోరు దురుసు, చెయ్యి అంతకంటే దురుసు. ఒక మధ్యాహ్నం తమ్ముడు గేటు రెక్క తిరిగే బందులు ఒక వైపు పెట్టాల్సింది ఇంకో వైపు పెట్టి అతికేశాడు. మేస్త్రి ముందు నోటికొచ్చింది తిట్టాడు, తర్వాత చేతికొచ్చింది తీశాడు. చేతికొచ్చింది ఇనప పైపు ముక్క. నెత్తి మీద ఒకటి పడగానే తమ్ముడు కూలబడ్డాడు. మేస్త్రి పైపు మళ్ళీ ఎత్తాడు. కింద పడ్డవాడి చేతికి సుత్తి తగిలింది, దాంతో కొట్టాడు. ఆ ఒక్క దెబ్బకి మేస్త్రి మరి లేవలేదు.

తమ్ముడు నెత్తురోడుతున్న తలతో అక్క కొట్టుకి పరిగెత్తుకొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె బల్ల మీదున్న లైనింగు గుడ్డ చించి కట్టు కట్టింది. కడుతూ ఒకటే అంది, "పద, పోలీసుల దగ్గరికి పోయి ఇదే చెబుదాం" అని. ఆ పని చేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ పోయేముందు ఒక మాట అడుగుదామని పెద్ద వకీలుగారి దగ్గరికి వెళ్ళారు.

పెద్ద వకీలుగారి నల్లకోటు ఏటా ఒకసారి కత్తెరక్క చేతికి వచ్చేది. ఆయన పొట్ట పెరిగినప్పుడల్లా ఆమె పక్క కుట్లు విప్పి, లోపల మడత పెట్టిన గుడ్డ బయటికి తీసి, వదులు చేసి ఇచ్చేది. ఆయన పొట్ట సంగతి వాళ్ళావిడ కన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. ఆ చనువుతోనే ఆయన "నీ తమ్ముడు నాకు పరాయివాడా అమ్మా" అని కేసు ఊరికే నెత్తిన వేసుకున్నారు. ఊరికే చేసిపెట్టే మనిషిని ఎదురు ప్రశ్న అడగడం ఎంత కష్టమో అడగబోయి నోరు వెనక్కి తీసుకున్నవాళ్ళకి తెలుస్తుంది.

"కొట్టాడని ఒప్పుకున్నామంటే సగం కేసు చేజేతులా వాళ్ళకి ఇచ్చేసినట్టే," అన్నారాయన. "అసలు అక్కడ లేనే లేడన్నామనుకో, మొత్తం కేసే ఎగిరిపోతుంది. ఆ టైముకి వాడు నీ దగ్గర భోంచేస్తున్నాడు. తల మీద దెబ్బంటావా, మెట్ల మీద జారిపడ్డాడు. ఇంతే. ముక్క ఎక్కువ వద్దు, ముక్క తక్కువ వద్దు."

"మరి ముందు కొట్టింది ఆయన కదండీ. అది చెప్పొద్దా?"

"దానికో రోజుందిలే అమ్మా. నేరం తేలినా, శిక్ష వేసే ముందు జడ్జిగారే పిలిచి అడుగుతారు, ఏమన్నా చెప్పుకుంటారా అని. అంతదాకా వస్తే అప్పుడు చెప్పుకుందువుగాని."

ఆయన మనసులో ఉన్నది వేరు. శిక్ష రోజున చెప్పుకునేవి ఇంటి కష్టాలు, ఒంటి రోగాలు, మాకు దిక్కెవరన్న మొరలు. ఆ సంగతి విప్పి చెప్పాలంటే ఇంకో రెండు నిమిషాలు పట్టేది. ఆయన ఆ మాట సగం వాకిట్లో, సగం కారులో కూర్చుంటూ అన్నారు. కత్తెరక్క దాన్ని మూటగట్టి గుండెలో పెట్టుకుంది. కోర్టులో దేనికి ఒక రోజు లేదు గనక, సాక్షులకో రోజు, వాదనకో రోజు, తీర్పుకో రోజు. నిజానికి కూడా ఒక రోజు పెట్టారన్నమాట అనుకుంది.

అందుకే సాక్షిగా పిలిచినప్పుడు ఆమె బోనెక్కి, దేవుడి మీద ప్రమాణం చేసి, తమ్ముడు ఆ మధ్యాహ్నం తన దగ్గరే భోంచేశాడని చెప్పింది. ఇది అబద్ధమే గానీ ఎల్లకాలం ఉండే అబద్ధం కాదు, దీన్ని సరిచేసే రోజు ముందుంది అని సర్దిచెప్పుకుంది. ముందు టాకా వేసి, కొలత చూసుకుని, తర్వాత గట్టి కుట్టు వేసే చేతులు కదా ఆమెవి. అబద్ధాన్నీ టాకా వేసినట్టే వేసింది.

మేస్త్రి భార్య కూడా సాక్ష్యం చెప్పింది. షాపు వెనకే వాళ్ళ ఇల్లు. కేకలు విని తలుపు దగ్గరికి వచ్చాననీ, ఈ అబ్బాయి చేతిలో సుత్తి చూశాననీ, తన భర్త నేల మీద ఉన్నాడనీ చెప్పింది. అంతకు ముందు ఏం చూశావని ప్రభుత్వం తరఫు వకీలు అడగలేదు, ఆయనకేం అవసరం. పెద్ద వకీలుగారు అడగడానికి వీల్లేదు. మీ ఆయన ముందు కొట్టాడా అని అడగాలంటే కొట్టించుకున్నవాడు అక్కడ ఉండాలి. వీళ్ళ లెక్క ప్రకారం వాడు అక్కడ లేడు, అక్క ఇంట్లో భోంచేస్తున్నాడాయె. కాబట్టి ఆయన ఆవిడ చూపు గురించి నాలుగు ముక్కలు, ఆ రోజు ఎండ గురించి నాలుగు ముక్కలు అడిగి, కోటు సర్దుకుని కూర్చున్నారు. అడగాల్సిన ఒక్క ముక్కా అడగలేదని కత్తెరక్క పళ్ళు నూరుకుంది. తను పన్నిన వలలో తనే చిక్కుకున్న మనిషిని ఇంకెవరూ విడిపించలేరు.

కేసు నడిచింది. నడవడమంటే ఏం నడవడం, ఈ వాయిదాకీ ఆ వాయిదాకీ మధ్య కుంటుకుంటూ పాకింది. ఒకసారి జడ్జిగారు సెలవు, ఒకసారి సాక్షి రాలేదు, ఒకసారి కరెంటు లేదు. తిరిగి తిరిగి కత్తెరక్క కాళ్ళరిగిపోయాయి. మధ్యలో పెద్ద వకీలుగారి జూనియర్ ఒకతను, మంచివాడు, వరండాలో టీ తాగుతూ ఆమెకి ఒక సంగతి చెప్పాడు. ఎదుటివాడు ముందు మీద పడి కొడితే, ఆ ఆవేశంలో తిరిగి కొట్టినప్పుడు మనిషి పోతే, దాన్ని చట్టం హత్యగా చూడదట. అంతకన్నా చిన్న నేరమట. దానికి శిక్ష ఏళ్ళతో సరిపోతుందట, బతుకంతా పట్టదట. అప్పటికే తమ్ముడు జైలు లోపలికి వెళ్ళి ఏళ్ళయింది. ఆమె అదీ ఇదీ కలిపి చూసుకుంది. నిజం చెప్పే రోజు రాగానే వాడు ఇంటికొచ్చే రోజు కూడా కనుచూపు మేరలోకి వస్తుంది. ఇంకెవరినీ ఏమీ అడగలేదు. అడిగితే ఆ కాస్త ఆశా ఎక్కడ కరిగిపోతుందోనని భయం కూడా ఉండి ఉంటుంది.

ఇప్పుడు తీర్పు వచ్చింది. జడ్జిగారు తీర్పంతా చదవలేదు, చివరి పేజీలు మాత్రం చదివారు. అందులో కత్తెరక్క ప్రస్తావన కూడా ఉంది. "ముద్దాయి అక్క చెప్పింది కట్టుకథ. ఆ సమయంలో ముద్దాయి వెల్డింగ్ షాపు వైపు నుంచి పరిగెత్తుతూ రావడం వీధి చివరి కిరాణా షాపతను చూశాడు. నిర్దోషికి ఇలాంటి కట్టుకథతో పని ఉండదు. ఈ అబద్ధం కూడా నేరాన్ని బలపరుస్తోంది." వింటుంటే ఆమె చెంపలు మండిపోయాయి. తమ్ముణ్ణి కాపాడ్డానికి చెప్పిన మాటే వాడి మెడకి చుట్టుకుంది. అయినా దిగమింగుకుంది. రేపు ఉందిగా.

బయట వరండాలో పెద్ద వకీలుగారు రుమాలుతో మెడ తుడుచుకుంటున్నారు. ఓడిపోయిన మనిషి, చిరాకు మీదున్నారు.

"రేపు నేను మాట్లాడొచ్చు కదండీ?" అని అడిగింది కత్తెరక్క.

"మాట్లాడమ్మా, మాట్లాడు. నాలుగు కన్నీళ్ళు పెట్టుకున్నా తప్పులేదు. ఉరి తప్పితే అదే పదివేలు," అని ఆయన చరచరా మెట్లు దిగిపోయారు.

ఆయన ఉరి మాట ఎందుకెత్తారో ఆమె ఆలోచించలేదు. మాట్లాడొచ్చన్నారు, అది చాలనుకుంది.

ఆ సాయంత్రం కొట్టు తీసింది గానీ పని సాగలేదు. స్కూలు యూనిఫారం గౌను ఒకదానికి అంచు మడిచి కుడుతూ, రేపు చెప్పాల్సిన మాటలు పైకే అనుకుంటూ పోయింది. ఎక్కడ మొదలుపెట్టాలి? బందుల దగ్గర మొదలుపెడితే జడ్జిగారికి విసుగొస్తుంది. సుత్తి దగ్గర మొదలుపెడితే మొదటికే మోసం. పైపు దగ్గర మొదలుపెట్టడం మంచిదనుకుంది. అద్దం ముందు నిలబడి ఒకసారి, ఇస్త్రీ బల్ల ముందు నిలబడి ఒకసారి చెప్పి చూసుకుంది. ఇస్త్రీకి బట్టలు తెచ్చిన పక్కింటి పిన్నిగారు గుమ్మంలోనే ఆగిపోయి, "ఎవరితో మాట్లాడుతున్నావే?" అంది.

"జడ్జిగారితో పిన్నీ."

"ఆయన అద్దంలో ఉన్నాడా?"

"ఆయన కాదు, ఆవిడ. నువ్వు ఒక్క క్షణం అక్కడ కూర్చో, విను. అర్థమైందో లేదో చెప్పు."

పిన్నిగారు బట్టల మూట ఒళ్ళో పెట్టుకుని విన్నది. విన్నాక మూట కింద పెట్టింది. "ఇంత ఉంటే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?" అంది.

"దానికి రోజుంది పిన్నీ. రేపే ఆ రోజు," అంది కత్తెరక్క, కాస్త గర్వంగానే.

మర్నాడు హాలు పలచగా ఉంది. తీర్పు అయిపోయాక శిక్ష వినడానికి ఎవరొస్తారు, అయినవాళ్ళు తప్ప. పై నుంచి ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. టేపుతో కట్టిన ఫైళ్ళు బల్ల మీద గోడలా పేర్చి ఉన్నాయి, వాటి వెనక టైపిస్టు తల మాత్రం కనిపిస్తోంది. జడ్జిగారికి జలుబు చేసినట్టుంది, మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటున్నారు. ఈ ముక్కు తుడుచుకునే మనిషి చేతిలో తన తమ్ముడి బతుకుందని కత్తెరక్కకి ఒక్కసారి వింతగా అనిపించింది. మేస్త్రి భార్య వెనక వరసలో ఒంటరిగా కూర్చుని ఉంది.

జడ్జిగారు బోనులో ఉన్న తమ్ముడి వైపు చూసి, "శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా?" అని అడిగారు.

వాడు అక్క వైపు చూశాడు. జైల్లో కలిసినప్పుడల్లా ఆమె వాడికి చెప్పిపెట్టిన మాటే అన్నాడు. "మా అక్క చెబుతుందండి."

ముందు పెద్ద వకీలుగారు లేచి తన పాఠం అప్పగించారు. కుర్రవాడు, ఇంతకు ముందు ఏ నేరమూ ఎరగడు, పెళ్ళికాని అక్కకి ఇతనే ఆధారం. ఆధారమట. వాడి కాళ్ళకి చెప్పులు కొనిపెట్టిన అక్కకి వాడు ఆధారమట. మామూలు రోజైతే కత్తెరక్క నవ్వేదే. ప్రభుత్వం తరఫు వకీలు లేచి సమాజం, భద్రత, కఠినశిక్ష అని తన పాఠం తను అప్పగించారు. ఇద్దరిదీ బాగా నలిగిన పాఠమే.

అప్పుడు ఆమె లేచింది. అద్దం ముందు చెప్పుకున్నట్టే పైపు దగ్గర మొదలుపెట్టింది. మేస్త్రి ఎలా కొట్టాడో, తమ్ముడు ఎలా కూలబడ్డాడో, రెండోసారి ఎలా ఎత్తాడో, సుత్తి చేతికెలా తగిలిందో చెప్పింది. వాడు తన కొట్టుకొచ్చి ఏమన్నాడో, తను ఏ గుడ్డతో కట్టు కట్టిందో చెప్పింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది గానీ రాలేదు. మాటలు వరసగా, కుట్టు తప్పకుండా వచ్చాయి. పెద్ద వకీలుగారు వెనక నుంచి ఆమె కొంగు పట్టి గుంజారు. ఆమె కొంగు లాక్కుని చెప్పడం పూర్తి చేసింది.

జడ్జిగారు మొదట్లో అందరి కన్నీళ్ళూ విన్నట్టే విన్నారు. పైపు రెండోసారి లేచేసరికి ఆవిడ చేతిలో కలం ఆగింది. రుమాలు పక్కన పెట్టారు.

"ఆ రోజు భోంచేస్తున్నాడని చెప్పారు కదమ్మా, ప్రమాణం చేసి."

"అబద్ధం చెప్పానండి."

"ఇది అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"దీనికి వేరే రోజుందనుకున్నానండి. ఈ రోజు."

"అలా అని ఎవరు చెప్పారు?"

పెద్ద వకీలుగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంత జరిగినా, ఆ కోటు ఇన్నేళ్ళూ తన చేతుల మీదుగా వెళ్ళినదేనని గుర్తొచ్చి ఆమెకి నోరు రాలేదు. "నేనే అనుకున్నానండి," అంది.

ప్రభుత్వం తరఫు వకీలు లేచారు. ఆమె ఇప్పుడు మాత్రం నిజం చెబుతోందని నమ్మకమేంటని అడగబోయారు. అడగనే లేదు. వెనక వరసలోంచి మేస్త్రి భార్య నిలబడింది.

"నిజమేనండి," అంది. "ముందు కొట్టింది మా ఆయనే. నేను తలుపు దగ్గరికొచ్చేసరికి ఈ అబ్బాయి కింద పడి ఉన్నాడు. మా ఆయన చేతిలో పైపుంది."

టైపిస్టు ఫైళ్ళ మీద నుంచి తల పైకెత్తి చూశాడు.

"మీరు సాక్ష్యం చెప్పేటప్పుడు ఈ మాట ఎందుకు చెప్పలేదు?" అన్నారు జడ్జిగారు. ఈసారి ఆవిడ గొంతులో జలుబు కాక ఇంకేదో ఉంది.

"నన్నెవరూ అడగలేదండి. అడిగినదానికే జవాబు చెప్పమన్నారు, ఎక్కువ మాట్లాడొద్దన్నారు."

జడ్జిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కళ్ళు నలుపుకున్నారు. నమ్మారు, ఆవిడ నమ్మారు, అది ఆవిడ మొహం మీదే కనిపిస్తోంది. అయిపోయింది, గట్టెక్కాం అనుకుంది కత్తెరక్క.

"అమ్మా," అన్నారు జడ్జిగారు. "నిన్న నేను తీర్పు మీద సంతకం పెట్టాను. సంతకం పడ్డాక ఆ తీర్పుని నేను మార్చలేను. అందులో ఎవరి ఇంటిపేరైనా తప్పు పడితే దిద్దగలను. తారీఖు తప్పు పడితే దిద్దగలను. ఇది దిద్దలేను."

కత్తెరక్కకి అర్థం కాలేదు. "మీరు నమ్మారు కదండీ."

"నమ్మాను."

"మరి ఈ రోజు వినడం దేనికండీ?"

"ఉరా, యావజ్జీవమా అని తేల్చడానికి. హత్య అని రాశాక నా చేతిలో మిగిలేవి ఆ రెండే. అంతకన్నా తక్కువ లేదు."

"నిన్న పొద్దున చెప్పుంటే?"

జడ్జిగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. చెప్పకుండా తప్పించుకోవాలనే చూశారు. అడిగింది కాబట్టి చెప్పారు. "నిన్న సంతకానికి ముందు చెప్పుంటే కేసు ఆపేదాన్ని. మీ ఇద్దర్నీ మళ్ళీ బోనులోకి పిలిచి వినేదాన్ని. బహుశా ఇది హత్య కేసు అయ్యేది కాదు."

అప్పుడు కత్తెరక్క కూర్చుంది. ఆమెకి పట్టరాని కోపం వచ్చింది. ఎవరి మీద? సగం మాట వాకిట్లో, సగం మాట కారులో చెప్పిన మనిషి మీదా? ఎదుట కూర్చుని నమ్మానని చెబుతూ ఏమీ చెయ్యలేని ఆవిడ మీదా? ఒక మనిషి నిజం చెబితే వినడానికి నిన్న ఒప్పుకుని ఈ రోజు ఒప్పుకోని చట్టం మీదా? అన్నిటికన్నా ఎక్కువగా తన మీదే వచ్చింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, సిగ్గు విడిచి "ఆ రోజంటే ఏ రోజండీ" అని అడిగి ఉంటే సరిపోయేది. అంత చిన్న ప్రశ్న అడగకుండా ఇన్నేళ్ళు ఎలా ఉండగలిగిందో ఆమెకే తెలియలేదు.

"పై కోర్టుకి వెళ్ళొచ్చు," అంటున్నారు జడ్జిగారు. "వాళ్ళు నా తీర్పు మార్చగలరు. టైము పడుతుంది, చాలా టైము పడుతుంది. మీరిద్దరూ ఇప్పుడు చెప్పినవి నేను రికార్డు చేయిస్తే వాళ్ళు చూసే అవకాశముంది. అయితే అమ్మా, మీది రికార్డు చెయ్యాలంటే ఆ రోజు ప్రమాణం చేసి చెప్పింది అబద్ధమని కూడా రాయాలి. అలా రాశాక మీ మీద కేసు పెట్టక తప్పదు. మీకూ జైలు పడొచ్చు. ఇంటికెళ్ళి ఆలోచించుకుంటారా?"

పెద్ద వకీలుగారు వంగి ఆమె చెవిలో, "వద్దమ్మా, నా మాట విను. ఇందులో వాడికి ఒరిగేదేమీ లేదు, నువ్వు ఇరుక్కుంటావు. నోరు మెదపకు," అన్నారు.

బోనులోంచి తమ్ముడు, "అక్కా, వద్దు," అన్నాడు. "నువ్వన్నా బయట ఉండు. నన్ను చూడ్డానికి ఎవరొస్తారు?"

"ఇప్పుడు రాయిస్తే మా వాడికి ఎంత తగ్గుతుందండీ?" అని అడిగింది కత్తెరక్క.

"ఇక్కడ ఒక్క రోజు కూడా తగ్గదమ్మా. పై కోర్టులో తగ్గుతుందని నేను మాటివ్వలేను."

"రాయించండి," అంది. ఆలోచించుకోమని ఇంకోసారి ఎవరైనా అంటే అరిచేసేదే. మళ్ళీ ఇంకో రోజుకి దాచుకోమంటారా ఏమిటి అనుకుంది.

టైపిస్టు కొత్త కాగితం ఎక్కించాడు. ఆమె చెప్పింది జడ్జిగారు కోర్టు భాషలో పెట్టి చెబుతుంటే అతను కొట్టుకుంటూ పోయాడు. తర్వాత మేస్త్రి భార్య చెప్పింది కూడా కొట్టాడు. ప్రభుత్వం తరఫు వకీలు అభ్యంతరం చెప్పారు, అది కూడా కొట్టాడు. అంతా అయ్యాక జడ్జిగారు గొంతు సవరించుకుని తమ్ముడికి యావజ్జీవ శిక్ష వేశారు. చదివేటప్పుడు ఆవిడ తల ఎత్తలేదు. పోలీసులు వాడి భుజం పట్టుకుని పక్క తలుపులోంచి తీసుకుపోయారు. పోతూ పోతూ వాడు, "ఎందుకు చేశావక్కా ఈ పని," అన్నాడు, చిన్నప్పుడు తన పలకని ఆమె తొక్కి పగలగొట్టినప్పుడు అన్నట్టుగానే.

పెద్ద వకీలుగారు ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఫైలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ వెళ్ళడంలో కోపం ఎంతో, మొహం చెల్లకపోవడం ఎంతో చెప్పడం కష్టం. పై కోర్టుకి ఇంకో వకీలుని వెతుక్కోవాలని కత్తెరక్కకి అప్పుడు తోచింది. ఈసారి తన దగ్గర కోటు వదులు చేయించుకోని మనిషైతే మంచిదనుకుంది.

వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. కాసేపటికి మేస్త్రి భార్య కూడా వచ్చి, కాస్త ఎడంగా ఆగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకోవడం అదే మొదటిసారి. ఆవిడకి కత్తెరక్క వయసే ఉంటుంది. జుట్టు ముందు వైపు అప్పుడే తెల్లబడింది.

"మీ తమ్ముడంటే నాకు జాలేం లేదు," అంది ఆవిడ. "మా ఆయన్ని పొట్టన పెట్టుకున్నాడు. వాడికి శిక్ష పడాల్సిందే. కానీ జరిగినదానికి పడాలి. నిన్న చదివిన తీర్పులో మా ఆయన ఎవర్నీ పల్లెత్తు మాట అనని సాధువు. ఆ మనిషి చేతి దెబ్బలు తిన్నదాన్ని నేను, నాకు తెలియదా ఆ చెయ్యి. వింటుంటే ఎవరి గురించో చదువుతున్నట్టుంది."

కత్తెరక్క తల ఊపింది. క్షమించమనాలా, ధన్యవాదాలు చెప్పాలా? రెండూ చెప్పాలనే ఉంది, ముందు ఏది చెప్పాలో తేలలేదు.

"ప్రతి వాయిదాకీ వచ్చాను," అంది మేస్త్రి భార్య. "ఈ వరండాలోనే, మీ పక్క బెంచీ మీదే కూర్చున్నాను. ఒక్కసారి అడిగి ఉంటే మీకు చెప్పేదాన్ని. మీరు అడుగుతారేమోనని చూశాను కూడా."

"అవతలివాళ్ళతో మాట్లాడొద్దన్నారండీ మా వకీలుగారు," అంది కత్తెరక్క.

"నాకూ అదే చెప్పారు," అంది ఆవిడ.